ఊరి వెండి దాచిన పాత ఇనప్పెట్టె

పేరు లేని పని

కాగితాల మీద నా పనికి ఒక పేరు ఉండేది, మహిళా సంఘం కార్యకర్త అని. ఆ పేరుతో మా ఊళ్లో నన్నెవరూ పిలవలేదు. "పెట్టె ఉన్న సుకిరి" అనేవారు. పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు కూడా అలాగే అడుగుతూ మా ఇంటికి చేరేవారు.

సమావేశాలు పెట్టడం, వేలిముద్రలు వేయించడం, మండల ఆఫీసు చుట్టూ తిరగడం అన్నీ చేశాను. వాటి గురించి రాయను, మీకు శిక్షణలో చెబుతారు. శిక్షణలో ఎవరూ చెప్పని పని ఒకటి ఉంది. ఊరు నమ్మి ఇచ్చిన వస్తువుల్ని మన ఇంట్లో పెట్టుకుని, అవి మనవి కావని పొద్దున లేచిన దగ్గర్నుంచి గుర్తుంచుకుని బతకడం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లల కోసం దాని గురించి రాస్తున్నాను.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. పెద్దకూతురికి పెళ్లయ్యాక, సంఘం వాళ్లు పెట్టిన చదువుల తరగతిలో నేర్చుకున్నాను. అందుకని నా వాక్యాలు చిన్నవి.

మొన్న తాళంచెవి నా తర్వాత వచ్చిన అమ్మాయికి అప్పగించాను. ఇన్నేళ్లూ వాన పడితే పెట్టెకి చెమ్మ పడుతుందేమోనని లేచి చూసేదాన్ని. ఇప్పుడు వాన పడితే వాన చప్పుడే వినబడుతోంది. ఇంత హాయిగా ఉంటుందని ముందే తెలిస్తే ఇంకా ముందే ఇచ్చేసేదాన్ని.

వెండి ముద్ద

మా ఊరు అరకు నుంచి ముంచింగిపుట్టు వెళ్లే దారిలో, రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే వస్తుంది. అప్పట్లో ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉండేవి, పైన గడ్డి కప్పు. ఒక ఇంటి మీద పిల్లి నడిస్తే చివరి ఇంటిదాకా నేల దిగకుండా వెళ్లిపోయేది. మంట కూడా అలాగే వెళ్లింది.

అందరం సంతకి పోయిన రోజు అది. తిరిగి వచ్చేసరికి ఒక వరస మొత్తం బూడిద. మనుషులకి ఏమీ కాలేదు, పశువులు కూడా మేతకి పోయి ఉన్నాయి. కానీ అటకల మీద కుండల్లో దాచిన వెండి కంటెలు, కడియాలు, ముక్కుపోగులు అన్నీ పోయాయి. పోవడం అంటే మాయం కాలేదు, కరిగిపోయాయి. గోడలు కలిసి ఉన్న మూడిళ్ల వెండి కలిసి ఒక ముద్దయింది. అందులో ఎవరిది ఎంతో ఎవరు చెప్పగలరు? కమ్మరి దాన్ని మూడు ముక్కలు చేశాడు. మూడిళ్ల వాళ్లూ తీసుకున్నారు. తమది తక్కువైందని మూడిళ్ల వాళ్లకీ అనుమానం ఉండిపోయింది. ఆ ఇళ్ల ముసలివాళ్లు ఈనాటికీ ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగరు.

పోడు భూమి పట్టాలు కూడా కాలిపోయాయి. ఒక పెద్దాయన నకలు కోసం ఆఫీసుకి తిరిగీ తిరిగీ చనిపోయాడు. ఆ కాగితం చివరికి కొడుకు చేతికి వచ్చింది.

అప్పుడు సంఘంలో ఆడవాళ్లందరూ ఒకే మాట అన్నారు: మంటకి లొంగని పెట్టె ఒకటి కావాలి. స్లాబు ఇల్లు అప్పటికి నా ఒక్కదానికే ఉంది. పెట్టె అక్కడే ఉండాలన్నారు. నేను కావాలని అడగలేదు, వద్దని కూడా అనలేదు.

ఇద్దరు పై అధికారులు

మా మొదటి మేడమ్ కోస్తా నుంచి వచ్చిన మనిషి. మాకు కోపం వస్తుందని తెలిసినా తనకి నిజం అనిపించింది చెప్పేది. "ఇంట్లో పెట్టె వద్దు. అరకులో బ్యాంకు లాకరు తీసుకోండి. మీకు బాధ్యత తప్పుతుంది" అంది.

మా ఊరి పెద్దావిడ బుద్రి వెంటనే లేచింది. ఆమె నాకు అత్త వరస. ఊళ్లో అందరికంటే వయసులో పెద్దది, నోరూ పెద్దదే.

"మేడమ్మా, నా మనవరాలి పెళ్లి ఆదివారం వచ్చిందనుకో. కంటె కోసం నేను బేంకోడి ఇంటికెళ్లి లేపాలా? ఏటి సెప్పి లేపాల, పెళ్లికూతురు మెడ బోసిగుందనా?"

మేడమ్ నవ్వింది. నవ్వి, సరే మీ ఇష్టమంటూ రెండు షరతులు పెట్టింది. ప్రతి పట్టాకీ జిరాక్సు తీసి తన ఆఫీసులో ఉంచాలి. ఒక్కరే ఎప్పుడూ పెట్టె తెరవకూడదు, ఇద్దరు ఉండాలి, రెండో తాళంచెవి వేరే మనిషి దగ్గర ఉండాలి. ఆ రెండు షరతులూ మమ్మల్ని చాలాసార్లు కాపాడాయి. పెట్టె తెరిచినప్పుడల్లా పక్కన ఇంకో మనిషి ఉండడం దొంగతనం భయానికి కాదు, మాట కోసం. "మా కడియం మారిపోయింది" అని ఎవరైనా అన్న రోజున, "నేను చూశాను, మారలేదు" అనడానికి ఇంకో నోరు ఉండాలి.

ఆమె తర్వాత వచ్చిన సారుకి మా పెట్టె అంటే మోజు. ఎవరైనా అతిథులు వస్తే జీపు నేరుగా మా ఇంటికే వచ్చేది. ఒకసారి తలుపు తెరిచి, లోపల వెండి కనబడేలా పక్కన నిలబడమన్నాడు, ఫోటో కోసమని.

"పెట్టె చూడండి సార్, ఎంతసేపైనా చూడండి. తలుపు తెరవను" అన్నాను.

"ఎందుకమ్మా? వీళ్లు మన గెస్టులు."

"పెళ్లిచూపులకి పిల్లని కూర్చోబెడతాం సార్. పెట్టెని కూర్చోబెట్టం."

అతిథులు నవ్వారు, సారు నవ్వలేదు. కొన్నాళ్లు నా మీద ముభావంగా ఉన్నాడు. పరవాలేదు. అధికారి కోపం బదిలీతో పోతుంది. పెట్టెలో ఏముందో నలుగురికి తెలిస్తే ఆ తెలిసినతనం ఎప్పటికీ పోదు.

పాత పెట్టె కొనేటప్పుడు

కొత్తది కొనే స్తోమత మాకు లేదు. సాలూరులో పాత ఇనప్పెట్టెలు బాగుచేసి అమ్మే అప్పలస్వామి అనే ఆయన ఉన్నాడని తెలిసింది. నేనూ బుద్రి అత్తా కలిసి పాచిపెంట మీదుగా ఘాట్ దిగి వెళ్లాం.

ఆయన కొట్టు నిండా పెట్టెలే. కొన్నిటికి మెరిసే ఆకుపచ్చ రంగు వేసి ఉంది. నాకు వాటిలో ఒకటి నచ్చింది. చేత్తో తడుముతుంటే ఆయనే అడ్డం వచ్చాడు.

"దాని మీద సెయ్యెయ్యకమ్మా. అది సూపుకే. మంటలో పడ్డ పెట్టె అది."

"మరి అమ్ముతున్నారు కదా?"

"దొంగల భయం ఉన్నోడికి అమ్ముతాను. మంట భయం ఉన్నోళ్లకి అమ్మను. మీదేటి భయం?"

మా భయం చెప్పాం. అప్పుడు ఆయన పెట్టెల్ని వేలి కణుపులతో కొట్టి వినిపించాడు. ఇలాంటి పెట్టెకి రెండు గోడలు ఉంటాయి, మధ్యలో మంటని ఆపే పొడి కూర్చి ఉంటుంది. ఒకసారి మంట చూసిన పెట్టెలో ఆ పొడి కిందికి దిగిపోతుంది. పైభాగం కొడితే డొల్లగా మోగుతుంది. బాగున్నదైతే పైన కొట్టినా కింద కొట్టినా ఒకేలా మొద్దుగా పలుకుతుంది. మనం పనసపండు కొట్టి చూస్తాం కదా, అంతే. రంగు చూసి పాత పెట్టె కొనకండి. రంగు నిన్న వేసింది, పెట్టె ముప్పై ఏళ్ల నాటిది.

బుద్రి అత్త కొట్టి చూడలేదు. మొద్దుగా పలికిన ఒకదాన్ని చూపించి ఆమె అడిగింది వేరు.

"ఈ పెట్టె ఎవలింట్లోది? వాల్లు ఏడిసి అమ్మేరా, నవ్వి అమ్మేరా?"

అప్పలస్వామి ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ వినలేదనుకుంటాను. కొంచెం ఆలోచించి చెప్పాడు. "బంగారం కొట్టోళ్లది ముసిలమ్మా. నాన్న పోయేక అన్నదమ్ములు అన్నీ పంచుకున్నారు. దీన్ని రెండు ముక్కలు సెయ్యలేక నాకు తోలేరు."

"అయితే తగువు పెట్టె."

"తగువు తీరిపోయిన పెట్టె" అన్నాడాయన.

అత్తకి ఆ మాట నచ్చింది. అదే తీసుకున్నాం. తీసుకునే ముందు నేను పట్టుబట్టి తలుపుని ఆయన చేతా, నా చేతా, అత్త చేతా తెరిపించి మూయించాను. తాళం లోపలి రేకులు మార్పించి, పాత చెవి మా కళ్లముందే పెట్టి చూడమన్నాను. తిరగలేదు. అప్పుడే డబ్బు ఇచ్చాను. మీరూ ఇది మరవకండి. పాత పెట్టెతో పాటు పాత తాళంచెవి ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది.

కూరగాయలు దింపి ఖాళీగా పైకొచ్చే వ్యానులో ఎక్కించుకు వచ్చాం. రోడ్డు దగ్గర్నుంచి ఊళ్లోకి మగవాళ్లు దుంగల మీద దొర్లిస్తూ తెచ్చారు. ఏనుగుని దించినా ఇంత కష్టం ఉండదని తిట్టుకుంటూనే తెచ్చారు.

చెమ్మ, ముడులు

మంటకి లొంగని పెట్టెకి చెమ్మ అంటే భయం. ఆ గోడల్లో పొడి నీటిని పీల్చుకుంటుంది. మన అరకు మంచులో అయితే మరీను. మొదటి వానాకాలానికే రెండు పట్టాలకి బూజు పట్టింది. అప్పట్నుంచి కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పక్కన బొగ్గులు మూటగట్టి ఉంచేదాన్ని. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ బొగ్గుల్ని ఎండబెట్టి మళ్లీ పెట్టాలి. పెట్టెని నేల మీద కాకుండా చెక్క దిమ్మల మీద నిలపాలి.

ఎవరి మూట ఏదో తెలియడానికి మొదట్లో ముడులే ఆధారం. బుద్రి అత్తది ఎడమకి తిప్పిన ముడి, ఇంకొకరిది ఎర్ర దారం, మరొకరిది పూస. నాకు అక్షరాలు వచ్చాక గర్వంగా పేర్లు రాసి అంటించాను. మా ఊళ్లో బుధవారం పుట్టిన ఆడపిల్లలందరూ బుద్రిలే, శుక్రవారం పుట్టినవాళ్లందరూ సుకిరిలే. పేర్లు చదివితే ఎవరి మూటో తెలియకుండా పోయింది. మళ్లీ ముడులకే వచ్చాను, పేరు కూడా ఉంచాను. చదువు వచ్చిందని పాత గుర్తుల్ని పారేయక్కర్లేదు. రెండూ ఉంచుకుంటే రెండూ సాక్ష్యం చెబుతాయి.

లచ్చిమి పట్టా

ఇప్పుడు చెప్పబోయేది నా పనిలో అన్నిటికంటే గట్టిగా గుండె అదిరిన రోజు.

లచ్చిమి నన్ను పిన్నీ అంటుంది. ఆమె భర్త చెట్టు మీంచి పడి చనిపోయాడు. కొండ వాలులో వాళ్లిద్దరూ వేసిన కాఫీ తోట ఉంది. పోడు పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి. భర్త పోయాక ఆమె బావగారు, అంటే భర్త అన్న, ఆ భూమి తమ తండ్రిది కాబట్టి తనకే రావాలని అర్జీ పెట్టాడు. ఆయన్ని చెడ్డవాడని రాయను. ఆయనకీ పిల్లలున్నారు, ఆయన తోటకి ఆ ఏడు తెగులు పట్టింది. కానీ లచ్చిమికి ఆ తోట తప్ప ఇంకేమీ లేదు. పాడేరులో విచారణ పెట్టారు. అసలు పట్టా తీసుకురమ్మన్నారు. జిరాక్సు చెల్లదని ముందే చెప్పారు.

విచారణకి ముందు రోజు పొద్దున లచ్చిమి వచ్చింది. బుద్రి అత్త తన తాళంచెవితో వచ్చింది. కొత్త పంట తినే కొత్తల పండుగ తర్వాత పెట్టె తెరవడం అదే మొదలు. పండక్కి అందరూ నగలు పెట్టుకుని, ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశాక, పొలం పనులు, కాఫీ పళ్ల కోతలు వచ్చి ఎవరికీ దానితో అవసరం పడలేదు.

నా చెవి పెట్టాను. సగం వరకే వెళ్లింది. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. సగమే. అత్త చెవి పెట్టాను. అది కూడా సరిగ్గా అక్కడే ఆగింది.

"గట్టిగా తొయ్యి పిన్నీ" అంది లచ్చిమి.

తొయ్యలేదు. పాత తాళంతో బలం వాడితే ముందు విరిగేది మన చెవే. విరిగిన ముక్క లోపల ఉండిపోతే మరి దారి లేదు.

ఊళ్లో మాట పాకింది. వాకిట్లో జనం చేరారు. లచ్చిమి బావగారు కూడా వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, మంచి మాటే అన్నట్టు అన్నాడు.

"బండి మీదెళ్లి అరకు నుంచి గ్యాసు కట్టరోడిని తీసుకొత్తాను. పది నిముసాల్లో కోసేత్తాడు."

"వద్దు. ఆ వేడికి లోపల కాగితాలు మాడిపోతాయి" అన్నాను.

"మాడకుండా కోత్తాడులే."

"ఇది మంట నుంచి కాపాడాలని కొన్న పెట్టె. దీనికి మేమే మంట పెట్టం."

ఆయన నవ్వాడు. "దాసడం వచ్చినోళ్లకి తియ్యడం రాదేటి?"

ఆ మాట నాకు తగిలింది. లచ్చిమి మాత్రం గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. "నా పేరు అందులో ఉంది పిన్నీ. రేపు సూపించకపోతే లేనట్టే కదా?" అని మెల్లిగా అంది. నా ఇంట్లో, నా కాపలాలో ఉన్న కాగితం అది.

నోరు

టార్చి వెలుగులో తాళం కన్నంలోకి చూశాను. తుప్పు అనుకున్నాను. కాదు. పసుపు పచ్చటి సన్నటి పీచు ఏదో అల్లుకుని ఉంది. గడ్డి పరకతో లాగితే ఒకటి వచ్చింది. చిన్న గింజ, దానికి ఎండిపోయిన మొలక.

"అత్తా, ఇందులో కొర్ర మొలిచింది."

"మొలిసిందా?" అని బుద్రి అత్త ముందు సంతోషపడింది. తర్వాత ఆమె ముఖం మారింది.

"ఎవలేసేరు?" అని వాకిట్లోంచి ఎవరో అడిగారు.

"ఎవలేటి, నేనే" అంది అత్త. "కొత్తల నాడు ఊళ్లో అన్నిటికీ పెట్టలేదేటి? గాదెకి పెట్టాను. కుండకి పెట్టాను. రోటికి పెట్టాను. ఊరి వెండంతా మింగి కూకున్నది ఇది. దీనికి పెట్టకపోతే దోసం కాదా? నగలు లోపలెట్టి తాళం ఏసేసేక, సుకిరి వంట కాడ ఉంది. నేనొచ్చి నోట్లో పిడికెడు కొత్త కొర్రలేసేను. సుక్క కల్లు కూడా పోసేను."

"అది నోరు కాదత్తా! తాళం కన్నం!"

"గాదెని ఎక్కడ తెరుత్తామో అదే దాని నోరు. దీన్ని నువ్వెక్కడ తెరుత్తావు? ఆడే కదా?"

ఆమె లెక్కలో తప్పు ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు. కొత్త పంట తినే ముందు, దాచే ప్రతి వస్తువుకీ మొదటి గింజ పెట్టడం మా తాతల నాటి ఆచారం. ఇనప్పెట్టె మా తాతలకి లేదు, అంతే.

వాకిట్లో ఒకరు కిసుక్కుమన్నారు. "కల్లు పోసేవు కదా, అందుకే ఒళ్లు తెలీకుండా పడుంది" అని ఇంకొకరు. లచ్చిమి కూడా నవ్వింది, నవ్వి ఏడ్చింది.

మా ఊళ్లో ఫోను పలికేది పైన మెట్ట మీద ఒక్కచోటే. అక్కడికి ఎక్కి అప్పలస్వామికి చేశాను. జరిగింది చెప్పాను. అవతల ఆయన నవ్వాడు.

"అమ్మా, తాళాల్లో సీమలు సూసేను, బల్లి గుడ్లు సూసేను. యవసాయం సేసినోల్లని ఇప్పుడే సూత్తన్నాను."

"నవ్వకండి బాబూ. రేపు పొద్దున్నే కాగితం కావాలి."

అప్పుడు ఆయన గొంతు మారింది. నిదానంగా చెప్పాడు. "నూని పొయ్యకండి, ముద్దయిపోద్ది. నీల్లు వొద్దు. సెవి తిప్పొద్దు. పెట్టిని ముందుకి వొంచండి, కన్నం నేల సూసేటట్టు. పక్కన సెక్కతో మెత్తగా తట్టండి. గొడుగు ఊస కొస వొంచి, కొంచెం కొంచెంగా లాగండి. తరవాత సైకిలు పంపుతో ఊదండి. బేగి అవ్వాలని తొందర పడ్డారా, అవ్వదు."

కిందికి వచ్చి అలాగే చేశాం. గడ్డి మోపులు పరిచి, రోకళ్లు అడ్డం పెట్టి, సంఘం ఆడవాళ్లందరం కలిసి పెట్టెని ముందుకి వంచి పట్టాం. లచ్చిమి బావగారు కాసేపు చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఒక రోకలి కింద భుజం పెట్టాడు.

గొడుగు ఊస నేను తీసుకోబోతే బుద్రి అత్త లాక్కుంది.

"నీకు కనబడుద్దా అత్తా?"

"కళ్లతో తీత్తానేటి? పుట్టిన కాడ్నించి కాళ్లల్లో ముళ్లు తీసిన సెయ్యి ఇది."

ఆమె నేల మీద వెల్లకిలా పడుకుంది. వంచిన పెట్టె కింద తల పెట్టింది. అంత బరువు మా చేతుల మీద, రోకళ్ల మీద నిలబడి ఉంటే, ఆమె తొందర లేకుండా ఊసతో గీకుతూ పోయింది. పొట్టు రాలింది. మొలకలు రాలాయి. కల్లు గడ్డకట్టిన నల్లటి బెల్లం లాంటి ముక్క ఒకటి ఆమె చెంప మీద పడింది. "థూ" అంది. "తినీసి మళ్లీ నా మొకం మీదే ఊసింది." నవ్వితే చేతులు జారుతాయని అందరం పళ్లు బిగబట్టాం.

గింజలు రావడం ఆగాక పెట్టెని నిలబెట్టాం. పంపుతో ఊదాం. ఎండిన దుమ్ము ఎగిరింది. నా చెవి పెట్టాను. మెల్లగా, మెల్లగా, చివరిదాకా వెళ్లింది. తిప్పితే కొంచెం తిరిగి ఆగింది. వెనక్కి తిప్పాను. మళ్లీ ముందుకి. లోపల ఏదో చిట్లిన చప్పుడైంది. చెవి విరిగిందని నా ప్రాణం పోయింది. చెవి కాదు, చివరి గింజ. తాళం పూర్తిగా తిరిగింది.

తలుపు తెరిచి, లచ్చిమి మూట తీశాను. కవరు లోపల పట్టాకి ఒక మూల కొంచెం పసుపుపచ్చ మరక. అంతే. అక్షరాలన్నీ ఉన్నాయి. ముందు ఆమె భర్త పేరు, కింద ఆమె పేరు. నేనే పైకి చదివాను, వాకిట్లో అందరికీ వినబడేట్టు.

తర్వాత నేర్చుకున్నవి

తాళం కన్నానికి ఇప్పుడు రేకు మూత ఉంది. కొత్తల నాడు పెట్టె పైన ఆకు పరిచి, దాని మీద కొర్రలు పెడతాం. ఆచారం ఆగలేదు, చోటు మారింది. ఆ రోజు తర్వాత నెలకి ఒకసారి, అవసరం ఉన్నా లేకపోయినా ఇద్దరం కలిసి పెట్టె తెరిచి చూడడం మొదలుపెట్టాం. తెరవని తాళం లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. పెట్టె దగ్గర మొదట మీరు ఎవరి మీద కేకలు వేస్తారో ఊరు గుర్తుపెట్టుకుంటుంది. ఆ రోజు గింజ కనబడగానే నేను కేకలు వేసి ఉంటే, బుద్రి అత్త కొర్రల సంగతి, కల్లు సంగతి చెప్పేది కాదు. చెప్పకపోతే ఆ తాళంలో పిడికెడు గింజలూ కల్లూ ఉన్నాయని అప్పలస్వామికి చెప్పగలిగేదాన్ని కాదు. చిక్కు వచ్చినప్పుడు నిజం చెప్పడానికి మనిషికి భయం లేకుండా చూడడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

మర్నాడు మొదటి జీపుకి లచ్చిమి పాడేరు వెళ్లింది. సాక్ష్యం కోసం బుద్రి అత్త వెంట వెళ్లింది. నేను ఇంట్లో ఉండలేక రోడ్డు దాకా నాలుగైదుసార్లు వెళ్లి వచ్చాను. మధ్యాహ్నం దాటాక జీపు ఆగింది. అత్త ఒక్కతే నడుం పట్టుకుని మా ఇంటి వైపు వచ్చింది.

"ఏమైంది అత్తా? లచ్చిమేది?"

"ఆఫీసరు కాగితం ముందూ ఎనకా సూసేడు. తోటకి ఏ ఏపు గెడ్డ పారతందో, ఏ ఏపు బండ ఉందో సెప్పమన్నాడు. లచ్చిమి గుంట గడగడా సెప్పేసింది. నీదే అమ్మా, ఎల్లు అన్నాడు. బావ తల దించుకుని బయటికెల్లిపోయేడు. తిరుగు జీపులో మాతోనే వచ్చేడులే, ఇంకే బండుంది? దారిలో దానికి అరటిపండు కొనిపెట్టేడు."

"మరి అదెక్కడ?"

అత్త కొండ వాలు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

నేను వాలు ఎక్కాను. లచ్చిమి పాడేరు వెళ్లిన చీరతోనే, కొంగు నడుముకి చుట్టి, వీపున బుట్ట కట్టుకుని కాఫీ మొక్కల మధ్య ఉంది. కొమ్మలన్నీ పళ్లతో ఎర్రగా ఉన్నాయి. కింద నేల మీద కూడా పళ్లు రాలి ఉన్నాయి.

"ఈరోజుకైనా కూర్చోవే గుంటా. ఇంత దూరం తిరిగొచ్చావు."

ఆమె వెనక్కి తిరగలేదు. చేతులు కొమ్మ మీదే ఉన్నాయి.

"రాలిపోతన్నాయి పిన్నీ" అంది. "నావే కదా. నేనే ఏరుకోవాల."